పసుపు కుంకుమ డబ్బుతో పాత కారు

కారు కొనే మాట రాగానే మనం చేసే పనేమిటి? వచ్చినవాళ్ళకి కాఫీలు పెట్టడం, ఆఖరున ఏ రంగు బావుందో చెప్పడం. ఔనా, కాదా చెప్పండి. మా ఇంట్లో మాత్రం ఈసారి అలా జరగలేదు. ఎంచేతంటే డబ్బు నాది, నడపబోయేదీ నేనే. అందుకని మూడు నెలలపాటు ఈ కార్ల సంగతి తెలుసుకోవడమే పనిగా పెట్టుకున్నాను. నేను తెలుసుకున్నది మీలో ఎవరికైనా పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి చెప్పాలి. నా పెళ్ళికి మా నాన్నగారు పసుపు కుంకుమ కింద భీమవరం పక్కన అర ఎకరం రాసిచ్చారు. ఏటా బస్తాల లెక్కన బియ్యం వచ్చేవి. చుట్టూ ఒక్కొక్కరే రొయ్యల చెరువులు తవ్వేసరికి ఉప్పునీరు ఊరి మా చెక్కలో వరి పండడం మానేసింది. చివరికి అమ్మేశాం. వచ్చినదాంట్లో అమ్మాయి చదువుకి పోగా తొమ్మిది లక్షలు బ్యాంకులో నా పేరున వేసుకున్నాను. ఆ కాగితం చూసినప్పుడల్లా నాన్నగారు గుర్తొస్తారు. పొలం అయితే ధర పెరుగుతుంది, పోనీ ఉన్నచోట ఉంటుంది. కారుకి ఇంటికి తెచ్చిన రోజునుంచే ధర తగ్గుతుంది. అది తెలిసీ ఎందుకు కొనాలనుకున్నామంటే మా మామగారి కోసం.

మామగారికి డెబ్భై ఆరేళ్ళు. వారానికి రెండుసార్లు, మంగళ శుక్రవారాలు, డయాలసిస్. ఆస్పత్రి ఏలూరులోనే, మా ఇంటికి నాలుగు కిలోమీటర్లు. వెళ్ళేటప్పుడు బాగానే వెళతారు. నాలుగు గంటలు సూదులమీద ఉండి లేచాక బీపీ పడిపోతుంది, కళ్ళు తిరుగుతాయి. ఎడమచేతికి ఫిస్టులా చేశారు. ఆ చేతిమీద బరువు పడకూడదు, ఒత్తిడి తగలకూడదు. ఆటో ఎక్కేటప్పుడు మనిషి సహజంగా ఏ చెయ్యి అందితే ఆ చేత్తో కడ్డీ పట్టుకుంటాడు కదండీ! పోయిన శ్రావణంలో ఒకరోజు అలాగే ఎడమచెయ్యి వేసి, అది గుర్తొచ్చి గభాలున వదిలేసి, తూలి నామీద పడ్డారు. దెబ్బ తగల్లేదు. కానీ ఆ రాత్రి అత్తగారు అన్నం ముట్టలేదు.

మావారికి ఆఫీసు. మంగళ, శుక్రవారాలు సెలవు ఎవరిస్తారు? అబ్బాయి ఇంటర్. అంచేత నలభై నాలుగేళ్ళ వయసులో నేను డ్రైవింగ్ స్కూల్లో చేరాను. మామగారు మొదట నవ్వారు. లైసెన్సు చేతికొచ్చాక మాత్రం, "అమ్మాయ్, నన్ను జాగ్రత్తగా తీసుకెళ్ళు, నీ చేతిలోనే ఉంది" అన్నారు. కొత్త కారుకి మన డబ్బు చాలదు. అప్పు చేయడం నాకిష్టం లేదు. సరే, సెకండ్‌హ్యాండ్ అనుకున్నాం.

ఎలాంటి కారు అన్నది మొదటి ప్రశ్న. మా ఇంట్లో మనుషులు ఆరుగురు, అమ్మాయి హైదరాబాద్ నుంచి వస్తే. ఒక మడత చక్రాల కుర్చీ. చిన్న కారు డిక్కీలో ఆ కుర్చీ పట్టదు. పొడుగు డిక్కీ ఉన్న ఎస్టేట్ కార్లు విదేశాల్లో ఇంటింటికీ ఉంటాయట. మన దేశంలోనూ 1992లో టాటా వాళ్ళు ఎస్టేట్ అని ఒకటి తెచ్చారు, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. మనవాళ్ళకి ఎందుకో అవి రుచించలేదు. వాటి స్థానంలో మనకి వచ్చినవి మూడు వరసల బళ్ళు, ఎర్టిగా, కారెన్స్, ఇన్నోవా లాంటివి. వెనక వరస మడిస్తే అదే ఎస్టేట్ కారు. ఎర్టిగాలో మూడో వరస నిలబెట్టి ఉంచితే డిక్కీ 209 లీటర్లు, మడిస్తే 550. లీటర్లంటే మనకేం అర్థమవుతుంది? నేను టేపు పట్టుకెళ్ళి కుర్చీని కొలిచి, కారు వెనక కొలిచాను. మడిస్తే హాయిగా పడుతుంది, పక్కన మంచినీళ్ళ క్యాను, దుప్పటి, మందుల సంచీ కూడా.

ఇంకో కొలత కూడా తీసుకున్నాను. సీటు ఎత్తు. మామూలు కారులో కూర్చోవాలంటే ముసలివాళ్ళు గుంటలోకి దిగినట్టు దిగాలి. జీపుల్లాంటి పెద్ద బళ్ళెక్కాలంటే మెట్టు కావాలి. మోకాలికి కాస్త పైన, నడుముకి కింద ఉండే సీటు కావాలి. నిలబడి వెనక్కి కూర్చుని కాళ్ళు లోపలికి తిప్పుకోగలిగితే చాలు. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే కారు చూడ్డానికి వాళ్ళని వెంట తీసుకెళ్ళండి. మైలేజీ తర్వాత అడగొచ్చు.

ఇక అసలు తగువు. డీజిలా, హైబ్రిడ్డా?

మావారిది డీజిల్ పక్షం. ఆయన స్నేహితులంతా డీజిల్ కార్లవాళ్ళే. "లీటరుకి ఇరవై ఇస్తుంది, ధర కూడా తక్కువ" అంటారు. ఆ లెక్క పదేళ్ళ కిందటిది. 2012 ప్రాంతంలో పెట్రోలుకి డీజిలుకి లీటరుకి పాతిక రూపాయల పైన తేడా ఉండేది. 2014 అక్టోబర్‌లో డీజిల్ ధరమీద ప్రభుత్వం అదుపు తీసేశాక ఆ తేడా కరిగిపోతూ వచ్చింది. మేం లెక్క వేసిన నాడు నేను పట్టుకున్న ధరలు, పెట్రోలు 110 రూపాయలు, డీజిల్ 97. తేడా పదమూడు.

హైబ్రిడ్ అనే మాట వినగానే నాకు మొదట భయం వేసింది. రాత్రిళ్ళు సెల్‌ఫోన్‌లా ఛార్జింగ్ పెట్టాలేమో, కరెంటు పోతే ఎలా అనుకున్నాను. పెట్టక్కర్లేదు. దానికి దారిలోనే ఛార్జింగ్ అవుతుంది. మనం స్టవ్ కట్టేశాక ఆ మిగిలిన వేడిమీద చారు గిన్నె పెట్టి వెచ్చబెట్టుకోమూ? అలాగే, బ్రేకు వేసినప్పుడు ఊరికే పోయే శక్తిని పట్టి బ్యాటరీలో దాచుకుని, మళ్ళీ బండి కదిలేటప్పుడు వాడుకుంటుంది. అందుకే హైబ్రిడ్ లాభం ఆగుతూ సాగుతూ పోయే ఊళ్ళోనే ఎక్కువ. హైవేమీద బ్రేకే వేయకుండా పోతుంటే దానికి దాచుకోవడానికి పెద్దగా ఏమీ దొరకదు. డీజిల్ సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది. దానికి పొడుగు ప్రయాణమే ఒంటికి పడుతుంది.

అయితే హైబ్రిడ్‌లో రెండు రకాలున్నాయండీ. అమ్మేవాళ్ళు రెండిటినీ ఒకే గంపలో వేసి అమ్ముతారు, జాగ్రత్త. ఒకటి అసలు హైబ్రిడ్. ఇన్నోవా హైక్రాస్, గ్రాండ్ విటారా పై రకాలు, హైరైడర్ పై రకాలు. ఇవి నెమ్మదిగా పోయేటప్పుడు ఇంజను ఆపేసి ఉత్త బ్యాటరీమీద కూడా నడుస్తాయి. ఊళ్ళో కూడా మంచి మైలేజీ. పెద్ద బ్యాటరీకి కంపెనీ ఎనిమిదేళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్ల హామీ ఇస్తుంది. పాత బండి కొనేటప్పుడు అందులో ఎన్నేళ్ళు మిగిలిందో, బండి సర్వీసు సరిగ్గా చేయించారో లేదో చూసుకోవాలి. 2022 గ్రాండ్ విటారా ఒకటి చూశాం. అయిదు సీట్లే. ఆ పెద్ద బ్యాటరీ వెనకే ఉండడంతో డిక్కీ మామూలు రకంకంటే బాగా తగ్గిపోయింది. మా కుర్చీ పట్టలేదు. పద్నాలుగు లక్షలు చెప్పారు. హైక్రాస్ ధర నేను అడగనేలేదు. అడిగితే అత్తగారికి కూడా బీపీ పడిపోయేది.

రెండోది చిన్న హైబ్రిడ్. మారుతి వాళ్ళు స్మార్ట్ హైబ్రిడ్ అంటారు. 2018 నవంబర్‌లో వచ్చిన కొత్త ఎర్టిగా పెట్రోలు రకంలో ఇదే ఉంది. మామూలు బ్యాటరీ కాక చిన్న లిథియం బ్యాటరీ ఇంకోటి ఉంటుంది. గేటు దగ్గర బండి ఆగితే ఇంజను దానంతటదే ఆగుతుంది. క్లచ్ నొక్కితే చప్పుడు లేకుండా మళ్ళీ లేస్తుంది. ఎత్తుకునేటప్పుడు కాస్త చెయ్యి వేస్తుంది. అంతే. బ్యాటరీమీద అంగుళం కూడా నడవదు. ఇది మైలేజీని రెట్టింపు చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కూరలో ఇంగువ లాంటిది. ఇంగువే కూర కాదు కదా.

డీజిల్‌లోనూ రెండు కాలాలున్నాయి. 2020 ఏప్రిల్ ముందువి బీఎస్4, తర్వాతివి బీఎస్6. మారుతి వాళ్ళు ఆ గీత దాటలేదు. అప్పటితో డీజిల్ కార్లు చేయడమే మానేశారు. అంచేత డీజిల్ ఎర్టిగా అంటే ఎంత కొత్తదైనా 2020 మొదటి నెలలది. బీఎస్6 డీజిల్ కావాలంటే కియా కారెన్స్ లాంటివి చూడాలి. "మన పెనుకొండలో తయారయ్యే బండి" అని మావారు ముచ్చటపడ్డారు. 2022ది ఒకటి చూశాం, పదకొండున్నర లక్షలు. బండి బంగారంలా ఉంది, ఏ మాటకామాటే చెప్పుకోవాలి. నడిపి చూస్తే దిగబుద్ధి కాలేదు.

అక్కడ నన్ను ఆపినవాడు మా వీధి చివరి మెకానిక్. అతను నన్ను అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, "రోజూ ఎంత దూరం తిప్పుతారక్కా?" నాలుగు కిలోమీటర్లు అన్నాను. తల అడ్డంగా ఊపాడు. బీఎస్6 డీజిల్ బళ్ళల్లో పొగ గొట్టానికి ముందు ఒక జల్లెడ ఉంటుంది. మసి అంతా అందులో ఆగుతుంది. బండి బాగా వేడెక్కి హైవేమీద ఒక ఇరవై నిమిషాలైనా ఆగకుండా పోతే ఆ మసి కాలి బూడిదవుతుంది. నాలుగు కిలోమీటర్లు పోయి ఆపేస్తే వేడే ఎక్కదు, మసి పేరుకుంటూనే ఉంటుంది. ఎదురుగా దీపం వెలుగుతుంది. అప్పుడైనా హైవే ఎక్కించాలి, లేకపోతే షెడ్డుకే. మరీ మూసుకుపోతే ఆ జల్లెడ మార్చడానికి అయ్యే ఖర్చు వింటే మనకి కళ్ళు తిరుగుతాయి. మన పొయ్యిమీద పెనం సగం వేడిలో దోసె పోస్తే ఏమవుతుంది? అంటుకుంటుంది. అదే సంగతి.

ఈ మాట విన్నాక నేను ఇంటికొచ్చి పద్దుల పుస్తకం తీశాను. పాలు, పచారీ, చాకలి పద్దుల పక్కనే "ప్రయాణం" అని ఒక గడి గీసి మూడు నెలలు రాశాను. ఎవరు, ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు. మా అబ్బాయి ఫోన్‌లో చూసి దూరాలు చెప్పేవాడు. మీరు కారు కొనేముందు ఈ పని తప్పకుండా చేయండి. షోరూములో ఎవరూ చెప్పని సంగతి అది చెబుతుంది. మాకు తేలింది ఇది. దింపి రావడం, మళ్ళీ వెళ్ళి తేవడం కలిపి ఆస్పత్రికి నెలకి 140 కిలోమీటర్లు. మార్కెట్టు, గుడి, ట్యూషన్ 110. నెలకోసారి విజయవాడలో కిడ్నీ డాక్టరు, పోనూ రానూ 125. నెలకోసారి భీమవరం, అదీ అంతే. మొత్తం అయిదు వందలు. ఏడాదికి ఆరువేలు. అమ్మాయి కోసం హైదరాబాద్ రెండుసార్లు, తిరుపతి ఒకసారి కలిపితే ఎనిమిదిన్నర వేలు.

ఇప్పుడు డబ్బు కడదాం. కంపెనీ పుస్తకంలో ఉన్న మైలేజీని నేను పట్టించుకోలేదు. బళ్ళున్న చుట్టాలని అడిగితే, ఊరూ హైవే కలిపి పెట్రోలు ఎర్టిగా పదిహేను, డీజిల్ ఎర్టిగా పంతొమ్మిది అని తేలింది. పెట్రోలుకి ఏడాదికి 62,000 చిల్లర, డీజిలుకి 43,000 చిల్లర. డీజిల్‌తో పంతొమ్మిది వేలు మిగులు. మావారు మీసం దువ్వుకున్నారు. ఆగండి అన్నాను. డీజిల్ సర్వీసు ఖర్చు ఏడాదికి ఒక అయిదారు వేలు ఎక్కువ. మిగిలేది పదమూడు వేలు. బాగున్న డీజిల్ బండికి డెబ్భై వేలు ఎక్కువ అడుగుతున్నారు. అది తిరిగి రావడానికే అయిదేళ్ళు దాటుతుంది. అప్పటికి ఆ బండి వయసెంత? ఈలోగా ఇంజెక్టర్లో, టర్బోనో ఒక్కసారి మొరాయిస్తే మిగిల్చిందంతా ఒక్క బిల్లులో పోతుంది.

మా ఆడపడుచు వాళ్ళ లెక్క వేరు. మా అన్నయ్యగారిది కైకలూరు వైపు రొయ్యల మేత వ్యాపారం. పొద్దున్న బయల్దేరితే చెరువు నుంచి చెరువుకి తిరుగుతూనే ఉంటారు. ఏడాదికి ఇరవై రెండు వేల కిలోమీటర్లు. వాళ్ళకి అదే పద్దు వేస్తే డీజిల్‌తో నలభై తొమ్మిది వేలు మిగులుతోంది. సర్వీసు కింద ఎనిమిది వేలు తీసేసినా, ఎక్కువ పెట్టిన డెబ్భై వేలు రెండేళ్ళలోపే వచ్చేస్తాయి. నా పుస్తకం చూసి వాళ్ళు మొన్న దసరాకి 2019 డీజిల్ బండే కొన్నారు. హాయిగా ఉన్నారు. అంచేత డీజిల్ చెడ్డదని కానీ, హైబ్రిడ్ గొప్పదని కానీ నేను అనను. ఎవరి కిలోమీటర్లు వాళ్ళవి.

ఇంకో మాట కూడా పద్దులో రాశాను, దానికి అంకె లేదు. డీజిల్ ఇంజను ఆగి ఉన్నప్పుడు కూడా బండంతా సన్నగా వణుకుతుంది. డయాలసిస్ అయి వచ్చిన మనిషికి కడుపులో తిప్పుతూ ఉంటుంది. మామగారిని రెండిట్లోనూ కూర్చోబెట్టి ఆస్పత్రి దాకా తీసుకెళ్ళి తెచ్చాను. ఏమీ అడక్కుండానే పెట్రోలు బండి దిగాక, "ఇది బావుందమ్మా, గేటు దగ్గర నిశ్శబ్దంగా ఉంది" అన్నారు.

పెట్రోలు బండికి ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. 2025 నాటికి బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. దీనికని తయారుకాని పాత బళ్ళల్లో మైలేజీ కొంచెం తగ్గుతుందని ప్రభుత్వమే ఒప్పుకుంది. కొన్నేళ్ళకి కొన్ని రబ్బరు ముక్కలు మార్చాల్సి రావచ్చునని మా మెకానిక్ అన్నాడు. ఆ ఖర్చుకి కూడా కొంత పక్కన పెట్టుకున్నాను.

ఇక బళ్ళు చూడ్డం. మొత్తం ఏడు చూశాం. అన్నీ చెప్పను, గుర్తుంచుకోదగ్గవి చెబుతాను.

ఒక చోట డీజిల్ బండి, మీటరుమీద 68,000. తెల్లగా తళతళలాడుతోంది. నేను లోపల కూర్చుని కిందకి చూశాను. క్లచ్ పెడలు మీద రబ్బరు గీతలు అరిగి నున్నగా అయిపోయింది. స్టీరింగ్ కూడా అంతే. మన రుబ్బురోలు చూస్తే ఎన్నేళ్ళ కాపురమో తెలియదూ? సర్వీసు చరిత్ర తెప్పించమన్నాం. రెండేళ్ళ కిందటే లక్షా పన్నెండు వేలు దాటింది! మీటరు వెనక్కి తిప్పేశారన్నమాట. అందుకే సర్వీసు కాగితాలు లేని బండి ఎంత ముద్దొచ్చినా వద్దు. టైర్లమీద నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నలభై వేలు తిరిగిందన్న బండికి నాలుగు టైర్లూ కొత్తవి ఉంటే ఎందుకు మార్చారని అడగండి.

ఇంకో బండి చాలా చవక. లక్షన్నర తక్కువ. కారణం ఏవిటంటే ఢిల్లీ రిజిస్ట్రేషను. 2018లో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళు తిరగకూడదన్న ఉత్తర్వుని సమర్థించాక, అక్కడి డీజిల్ బళ్ళు చాలా మన వైపు వచ్చాయి. ఇక్కడ ప్రైవేటు కారుకి పదిహేనేళ్ళ రిజిస్ట్రేషను, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్ళు పొడిగించుకోవచ్చు. కానీ బయటి రాష్ట్రం బండికి అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ మళ్ళీ లైఫ్ టాక్సు కట్టాలి. చవకంతా అక్కడికి సరి. హైదరాబాద్‌లో కొన్నా మన ఏలూరువాళ్ళకి ఇదే తంతు, ఇప్పుడు అది వేరే రాష్ట్రం కదా.

అన్నిటికంటే ముఖ్యమైనది వరద. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపంతా మునిగింది. ఇళ్ళముందు కార్లు పైకప్పుల దాకా నీళ్ళలో ఉండడం టీవీల్లో చూశాం. వాటిలో చాలా కడిగి, తుడిచి మళ్ళీ అమ్మకానికి వచ్చి ఉంటాయి. మన చుట్టుపక్కల పాత కారు కొనేవాళ్ళు ఇది మర్చిపోకూడదు. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి, లోపలి భాగంమీద బురద గీత ఉంటుంది. దాన్ని ఎవరూ ఉతకరు. కాళ్ళ దగ్గర చాప ఎత్తి ముక్కు పెట్టి వాసన చూడండి. తడి బియ్యం సంచీ వాసన మనకి తెలియనిది కాదు. సీటు కింద బోల్టులకి తుప్పు, దీపాల అద్దాల లోపల ఆవిరి, ఇవీ చూడాలి. వైర్లు, బ్యాటరీలు ఎక్కువ ఉన్న హైబ్రిడ్ బండికి నీళ్ళు మరీ చేటు.

వెళ్ళేముందు, ఇంజను వేడి చేసి ఉంచొద్దని ఫోన్‌లో చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. చల్లగా ఉన్న ఇంజను స్టార్టయ్యే తీరులోనే దాని ఆరోగ్యం తెలుస్తుంది. హైబ్రిడ్ ఎర్టిగా అయితే కొంచెం దూరం పోయాక బండి ఆపి న్యూట్రల్ చేసి క్లచ్ వదిలితే ఇంజను దానంతటదే ఆగుతోందా చూడండి. అసలు ఆగకపోతే బ్యాటరీ సంగతి కంపెనీ సర్వీసు సెంటరులో పరీక్ష పెట్టించాలి. టాక్సీగా తిరిగి తెల్లబోర్డుగా మారిన బళ్ళు కూడా ఉంటాయి, ఆర్సీ పాత వివరాలు చూడనిదే అడ్వాన్సు ఇవ్వొద్దు.

మేం కొన్నది ఒక రిటైరైన టీచరమ్మ బండి. 2020 పెట్రోలు స్మార్ట్ హైబ్రిడ్, 41,000 తిరిగింది. భర్త పోయాక నడిపేవాళ్ళు లేక అమ్మేస్తున్నారు. సర్వీసు పుస్తకంలో ప్రతి కాగితం పిన్ను కొట్టి ఉంది. కుడివైపు తలుపుమీద గీత ఒకటి ఉంటే, "అది మా గేటుకి తగిలింది, నేనే తగిలించాను" అని ఆవిడే చూపించారు. ఎనిమిది లక్షల పదివేలు అడిగితే, ఏడు లక్షల ఎనభైకి కుదిరింది. మెకానిక్‌ని వెంట తీసుకెళ్ళి కింద పడుకోబెట్టి చూపించాను. అతనికి వెయ్యి రూపాయలిచ్చాను. ఎంత బేరమాడినా అక్కడ మాత్రం ఆడకండి.

కాగితాల దగ్గర మావారికీ నాకూ చిన్న మాట వచ్చింది. "ఎవరి పేరైతేనేం, ఆఫీసుకి వెళ్ళి తిరిగేది నేను కదా, నా పేరున పెట్టేస్తాను" అన్నారు. ఆయన మనసులో వేరే ఏమీ లేదు, నాకు తెలుసు. అయినా వద్దన్నాను. పొలం పాసుపుస్తకం మీద నా పేరుంది, బ్యాంకు కాగితం మీద నా పేరుంది, కారు మీదా ఉండాలి అన్నాను. ఒక పూట మాట్లాడలేదు. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ 29, 30 ఫారాలు ఆయనే తెచ్చి, నా పేరు ఆయనే పూర్తిచేశారు.

ఆ ఫారాలమీద అమ్మేవాళ్ళ సంతకాలు కావాలి. బండిమీద అప్పుంటే బ్యాంకు నుంచి 35 ఫారం, అప్పు తీరిందన్న ఉత్తరం కూడా. పాత చలానాలు ఏమైనా ఉన్నాయేమో ముందే చూసి వాళ్ళచేతే కట్టించాలి. ఇన్సూరెన్సు కూడా పద్నాలుగు రోజుల్లోగా మన పేరుకి మార్చమని రాయాలి. క్లెయిము చేయనందుకు వచ్చే తగ్గింపు పాత యజమానితోనే పోతుంది, అది మనకి రాదు. ప్రీమియం కొంచెం పెరుగుతుంది, కంగారుపడకండి.

ఆర్సీ నా పేరుతో వచ్చి మూడు వారాలైంది. కుడిచెయ్యి పట్టుకోవడానికి వీలుగా మామగారిని ఎడమ తలుపు నుంచి ఎక్కిస్తే మంచిదా, కుడి తలుపు నుంచా అని రెండు రోజులు అటూ ఇటూ మార్చి చూశాం. ఎడమ తలుపే కుదిరింది. లోపలికి తిరిగేటప్పుడు తలుపు పైనున్న పిడి కుడిచేతికి అందుతుంది. ఫిస్టులా చేతికింద చిన్న దిండు ఒకటి కుట్టి పెట్టాను.

పద్దుల పుస్తకంలో మొదటి నెల ఇలా ఉంది. 512 కిలోమీటర్లు, 36 లీటర్లు, అంటే లీటరుకి పద్నాలుగు పైన. నా అంచనాకంటే ముప్పాతిక కిలోమీటరు తక్కువ. వచ్చే నెల టైర్లలో గాలి ప్రతి పదిహేను రోజులకీ పట్టించి చూద్దామనుకుంటున్నాను.